పాలపళ్ళెం ముందు ఇద్దరు తండ్రులు

మొన్న ఆదివారం ఆ హాస్యచిత్రం టీవీలో వచ్చింది. మనవరాలు శబ్దం పెంచితే నేను తగ్గించమనలేదు. ఇంటిల్లిపాదీ నన్ను వింతగా చూశారు. కారణం, అది విడుదలైనప్పుడు, కుటుంబంతో చూడదగినది కాదని సూర్యాపేటలో మా విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో లేచి చెప్పినవాణ్ణి నేనే. చూడకుండా ఖండించడం పద్ధతి కాదని ఒక మిత్రుడు అభ్యంతరపెట్టాడు. పద్ధతి అన్న మాటకు నేను ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అయితే ఊళ్ళో టికెట్టు కొంటే తెలిసినవారి కంట పడతానని, పెన్‌పహాడ్ నుంచి మా అక్క భర్తను తోడు పిలుచుకొని, కోదాడ వెళ్ళి చూశాను.

కథ ఇంతే. తన తండ్రెవరో తెలియని ఒక కుర్రవాడు, తమలో ఒకరు తండ్రి కావచ్చని, ఇద్దరు స్నేహితుల ఇళ్ళ చుట్టూ తిరుగుతాడు. వాడు చదువుకున్నంతకాలం తమకు సంబంధం లేదన్న ఆ ఇద్దరూ, ఉద్యోగం రాగానే నా కొడుకంటే నా కొడుకని కొట్టుకుంటారు. కోదాడ ప్రేక్షకులు మాట పూర్తి కాకముందే నవ్వారు. బావ నవ్వలేదు. విరామంలో మిరపకాయ బజ్జీ చేతిలోనే ఉంచుకొని, "బామ్మర్దీ, రేపు నన్ను జూసి గూడ గిట్లనే నవ్వుతరా?" అన్నాడు.

ఆయన భయం నాకు తెలుసు. అక్కకు, బావకు పిల్లలు లేరు. బావ తమ్ముడి రెండో కొడుకును పసితనంలోనే తెచ్చుకొని పెంచారు. దత్తత శాస్త్రోక్తంగా జరగలేదు. అది సరికాదని నేను అప్పుడే చెప్పాను. ఆ అబ్బాయి కన్నతండ్రినీ, బావనూ ఇద్దరినీ నాయినా అనే పిలుస్తాడు. అప్పటికి మిర్యాలగూడలో వాడి పెళ్ళి కుదిరింది. అప్పగింతల్లో పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి, మొట్టమొదట మామగారి చేతుల్లో పెడతారు. ఏ మామగారి చేతుల్లో? అడగడానికి బావకు నోరు రాలేదు, చెప్పడానికి తమ్ముడికీ రాలేదు.

ఆ ఘడియ రానే వచ్చింది. పురోహితుడు వరుడి తండ్రిని పిలిచాడు. బావ వెనక్కి జరిగాడు.

"నువ్వు పో తమ్మీ, కన్నోనివి."

"సాదినోనివి నువ్వుండంగ నేనెట్ల పోతనే అన్నా?"

ఆడపెళ్ళివారిలో ఒకాయన, "అరే, గా సినిమా లెక్కనే ఉన్నదిగదా!" అన్నాడు. మండపమంతా గొల్లున నవ్వింది. బావ తల దించుకున్నాడు. పెళ్ళికొడుకు పీట మీది నుంచి లేచి వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "సినిమాల నా కొడుకంటే నా కొడుకని గుంజుకున్నరు. మీరేందే, నన్ను ఒకలమీదికొకలు నూకుతున్నరు? దా నాయినా, పిల్ల చేతులు ఆరిపోతున్నయ్."

వియ్యంకుడు ఆ చేతులను బావ దోసిట్లో పెట్టాడు. ఆ దోసిలి కింద తమ్ముడు తన రెండు అరచేతులు ఆనించాడు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న తడిచేతులు ఆరేలోపే తీరిపోయింది. కాలం జవాబును ఎప్పుడో సిద్ధం చేసి పెట్టింది, మనమే ఆలస్యంగా అడిగాము.