ఏ రాయి కింద మా హాజీ

పుస్తకాలు అతికించే సరేసు జిగురు కాగే వాసన వస్తే ఇప్పటికీ నా వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది, వెనకాల హాజీ నిలబడి చూస్తున్నట్టు. మదీనాలో ఆయన నడిపిన పుస్తకాల బైండింగ్ కొట్టు ఇప్పుడు వేరేవాళ్ళ చేతిలో ఉంది. నేను మాత్రం అక్కడే పనిచేస్తున్నాను. పోయిన వారం ఒక పొద్దున సరేసు పొయ్యి మీద పెట్టి, ఫోన్‌లో వచ్చిన ఉత్తరాన్ని మూడోసారి చదివాను. దూరదేశం నుంచి ఒకామె కొట్టు నంబరు వెతికి పట్టుకుని రాసింది. పెద్ద యుద్ధంలో యూదులను వెతికి చంపుతున్న రోజుల్లో, ఐదేళ్ళ పిల్లగా ఉన్న వాళ్ళ అమ్మను అల్బేనియా కొండల్లో ఒక ముస్లిం కుటుంబం దాచిందట. ఆ ఇంటి పెద్దకొడుకే, తర్వాత మదీనా వచ్చి స్థిరపడ్డ మా హాజీ. ఇప్పుడు ఆ అమ్మ మంచం పట్టింది. కన్నుమూసేలోగా ఆయన సమాధి చూడాలంటోంది, ఫోటో పంపగలరా అని అడిగింది. పంపుతానని వెంటనే మాట ఇచ్చేశాను.

నేను కడపలో పదో తరగతి తప్పినవాణ్ణి. తర్వాతి చదువంతా గ్రంథాలయం బల్లల మీదే సాగింది. అలమర తర్వాత అలమర చదివానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కొట్టులో చేరిన కొత్తలో, కుట్టాల్సిన పుస్తకం చదువుతూ హాజీకి దొరికిపోయాను. "ఏం హిందీ," అన్నాడు. ఇక్కడ భారతీయులందరినీ అలాగే పిలుస్తారు. "కుడుతున్నావా, చదువుతున్నావా?" చదువుతున్నానన్నాను. "అయితే పూర్తిచేసి కుట్టు. మనసు ఒకచోట, సూది ఒకచోట ఉంటే నా తోలు పాడవుతుంది." నాకు అరబ్బీ చదవడం నేర్పింది ఆయనే, చిరిగిన పుటలు అతికిస్తూ.

ఒకసారి ఒక యుద్ధచరిత్రలో అల్బేనియావాళ్ళు యూదులను కాపాడిన సంగతి చదివి, పోయి ఆయనకే గొప్పగా చెప్పాను. మీ ఊళ్ళోనూ జరిగిందా అని అడిగాను. "మా ఇంట్లో ఒక చలికాలం అతిథులు ఉన్నారు. తర్వాత వెళ్ళిపోయారు," అన్నాడు. నేను నోటుపుస్తకం తీసి, ఎంతమంది, పేర్లేమిటి అని మొదలుపెట్టాను. హాజీ నా చేతిలోని పెన్సిలు లాక్కుని తన చెవి మీద పెట్టుకున్నాడు.

"మీ ఇంట్లో భోంచేసినవాళ్ళ గురించి మీ అమ్మ బజార్లో చెప్పుకుంటుందా?"

"చెప్పుకోదు."

"మరి నన్నెందుకు అడుగుతావు?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ప్రాణాలు నిలబెట్టడానికీ పూటకు అన్నం పెట్టడానికీ ఆయన తేడా చూడలేదా? అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇక్కడ సమాధుల మీద పేర్లు రాయరు. మట్టి, తలవైపు ఒక రాయి, అంతే. నేను గ్రంథాలయంలో పుస్తకం చోటు గుర్తుపెట్టుకున్నట్టు, నాలుగో వరుస, గోడ నుంచి పదకొండోది అని రాసుకున్నాను. ఊళ్ళో ఉంటే ప్రతి శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత వెళ్ళి అక్కడ సలాం చెప్పి వచ్చేవాణ్ణి. ఫోటో కోసం వెళ్ళిన రోజు ఆ రాయి దగ్గర ఒకతను కూర్చుని ఉన్నాడు. నేను ప్రార్థనకు చేతులెత్తగానే ఎగాదిగా చూశాడు.

"ఎవురన్నా నువ్వు? మా మామకు దువా చేస్తాండావే?"

యాస వినగానే మావైపు మనిషని తెలిసింది. రాయచోటి నుంచి వచ్చిన డ్రైవరు.

"ఇది మా హాజీది. నాలుగో వరుస, పదకొండు."

"యాడి లెక్కన్నా అది? నిరుడు వానకు రాళ్ళన్నీ చెదిరిపోతే మళ్ళీ వరసలు సర్దినారు గదా. నీ నాలుగూ పదకొండూ అప్పుడే పాయె."

"ఆ వానప్పుడు నేను కడపలో ఉన్నాను. మరి మీ మామదని నీకెట్లా తెలుసు?"

అతను రాయి మీది దుమ్ము తుడిచాడు. "నాకూ సరిగ్గా తెల్దులే. ఇదే అనుకుంటాండా." తర్వాత నవ్వాడు. "మీ హాజీకి నేను, మా మామకు నువ్వు చేస్తాండామేమో."

అతను వెళ్ళాక ఒక నున్నటి రాయికి ఎదురుగా ఫోన్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఇదే అని పంపితే అక్కడ ఎవరికి తెలుస్తుంది? చావుకు దగ్గరైన మనిషికి ఆ కాస్త తృప్తి దక్కితే తప్పేమిటి? వేలితో నొక్కలేకపోయాను. చివరికి వెనక్కి జరిగి వరుస మొత్తం తీశాను. "వీళ్ళలో ఒకరు. ఏ రాయో నాకు తెలియదు, క్షమించండి," అని రాసి పంపాను. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఒక్క మనిషి చోటు గుర్తుపెట్టుకోలేకపోయాను.

మూడు రోజులకు జవాబు వచ్చింది. అమ్మ ఫోటోను చాలాసేపు చూసిందట. తర్వాత, అంతకుముందెన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పిందట. సైనికులు ఆ ఇంటికి వచ్చినప్పుడు పిల్లలందరినీ వాకిట్లో వరుసగా నిలబెట్టి, వీళ్ళలో మీ పిల్ల కానిది ఎవరు అని అడిగారు. పెద్దబ్బాయి ఒక్కొక్కరి తలమీద చెయ్యి వేస్తూ, మా చెల్లెలు, మా తమ్ముడు, మా చెల్లెలు అంటూ నడిచాడు. "నా దగ్గర ఆగలేదు," అందట ఆమె. "కొంచెం ఆగినా నేను ఉండేదాన్ని కాదు."

ఈ శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. ఆయన చోటు పోగొట్టుకోవడం నా తప్పో, ఆయనకు ఇష్టమైనదే జరిగిందో తేల్చుకోలేకపోతున్నాను. చెప్పుకోవద్దన్న సంగతిని ఇలా రాయవచ్చో లేదో కూడా తెలియదు. వరుస మొదటి నుంచి సలాం చెప్పుకుంటూ నడిచాను, ఏ రాయి దగ్గరా ఆగకుండా.