తాలీంలో దిగని తమ్ముడు

మట్టెవాడలో మా సందు మలుపున ఈమధ్య ఒక జిమ్ము పెట్టారు. కింద బట్టల దుకాణం, పైన జిమ్ము. నా షుగర్ పెరిగిందనీ, ఇకనైనా ఒళ్ళు వంచాలనీ దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పడంతో మా కోడలు అక్కడ నా పేరు రాయించి, నీళ్ళ సీసా, తువ్వాలు చేతికిచ్చి పంపింది. రోజూ మెట్ల దాకా వెళ్ళేవాణ్ణి. పైనుంచి ఇనుప బరువులు దభీమని నేలకు దిగే చప్పుడు వినగానే కాళ్ళు ఆగిపోయేవి. ఎదురు హోటల్లో చాయ్ తాగి, చెమట పట్టినట్టు తువ్వాలు కాస్త తడుపుకొని ఇంటికి వచ్చేవాణ్ణి. నవ్వుకోండి, ఫరవాలేదు. గోడలన్నీ అద్దాలున్న చోట, పడుచు పిల్లల నడుమ, ఈ పొట్టతో, ఈ సన్న చేతులతో నిలబడడానికి మీలో ఎంతమందికి ధైర్యం చాలుతుందో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఈ భయం నాకు కొత్తది కాదు. మాది మగ్గాల ఇల్లు. గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా ముందుకు వంగి నేసేవాళ్ళ ఇళ్ళలో ఛాతీ విరుచుకునే పిల్లలు పుట్టరని మా వాడకట్టులో ఒక మాట ఉండేది. నన్ను చూసే ఆ మాట పుట్టించారేమో అనిపించేది. మా అన్న మాత్రం ఆ మాటను అబద్ధం చేయాలనే పుట్టినట్టుండేవాడు. మా వెనక వీధిలో కుస్తీ నేర్పే తాలీం ఉండేది. నూనె, పసుపు కలిపి మెత్తగా చేసిన ఎర్రమన్ను, దాని పక్కన ఉస్తాద్ కూర్చునే అరుగు, అంతే. అన్న తెల్లవారుజామున అక్కడికి పోయి, బాపు మగ్గం ఎక్కే వేళకు తిరిగి వచ్చి తానూ పనిలో కూర్చునేవాడు. వెళ్ళేటప్పుడు నన్నూ లేపి వెంట తీసుకుపోయేవాడు. ఆ మన్నులో దిగాలంటే అంగీ విప్పి లంగోటీతో నిలబడాలి. నేను గుండీల మీద చెయ్యి వేసేవాణ్ణి, అక్కడితో సరి.

"జర అంగీ ఇప్పురా, నిన్నెవలన్న తింటరా?" అని అన్న బతిమాలేవాడు. నేను గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. ఇంట్లో తలుపు వేసుకుంటే మాత్రం అన్నతో సమానంగా దండీలు తీసేవాణ్ణి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, అది నేనే.

నా కాళ్ళు గట్టిపడితే సిగ్గు దానంతట అదే పోతుందని అన్నకు ఒక ఆలోచన తట్టింది. బాపు నూలు కోసం బయటికి పోయిన రోజున, నా రెండు కాళ్ళకూ ఇసుక సంచులు కట్టి గుంటలో కూర్చోబెట్టి మగ్గం తొక్కించాడు. నేసేవాడి కాలు ఎంత మెల్లగా దిగాలో మాకు తెలియనిది కాదు, కానీ ఆ పూట ఇద్దరికీ పహిల్వాన్ పిచ్చి. సంచి బరువుకు నా కాలు ధబ్బున పడేది, పైన పోగులు తెగేవి. బాపు వచ్చి చూసి చెయ్యెత్తలేదు. తెగిన పోగులు ముడివేస్తూ, "ఈడు పహిల్వాన్ అయితడో కాదో గని, నా పోగులైతే చిత్తయినయి" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ సంతోషం మా ఇంట్లో ఎన్నాళ్ళో నిలవలేదు.

మిల్లు గుడ్డ ముందు మా చీరలకు గిరాకీ తగ్గింది. అన్న పవర్లూముల్లో పనికని బొంబాయి దగ్గరి భీవండి పోవాల్సి వచ్చింది. పోయే రోజు పొద్దున కూడా నన్ను తాలీంకు తీసుకుపోయాడు. ఆ రోజు నేను నిజంగానే గుండీలు విప్పాను. అవతల ఎవరో నవ్వారు. నన్ను చూసి నవ్వారో, వాళ్ళ ముచ్చట్లు వాళ్ళవో నాకిప్పటికీ తెలియదు, కానీ గుండీలు మళ్ళీ పెట్టేసుకున్నాను. అన్న కోపం చేయలేదు. "వచ్చినంక చూద్దాం తియ్" అన్నాడు. తర్వాత నాకు వర్ధన్నపేటలో గుమాస్తా కొలువు దొరికింది, పెళ్ళయింది, తాలీం చోట దుకాణాలు లేచాయి. భీవండి నుంచి అన్న వచ్చిన ప్రతిసారీ కాస్త తగ్గి వచ్చేవాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. చివరికి దగ్గు తప్ప ఏమీ మిగలని మనిషై ఇల్లు చేరాడు. ఆ ఏడే పోయాడు.

మొన్న వాన పడింది. హోటల్ మూసి ఉంది, తడవకుండా నిలబడడానికి చోటు లేక జిమ్ము మెట్లెక్కాను. గొప్ప ధైర్యమేమీ కాదు, వానే ఎక్కించింది. లోపల ఎవరూ నా వంక చూడలేదు. ఎవరి చెవుల్లో వాళ్ళ పాటలు, ఎవరి అద్దంలో వాళ్ళ కండలు. నడిచే యంత్రం మీద మెల్లగా నడిచాను, ఏమీ కాలేదు. మర్నాడు నా అంతట నేనే వెళ్ళాను. ఇన్నేళ్ళ భయం ఇంత చిన్నదా అని ముందు సంతోషం వేసింది, ఆ వెనకే ఏడుపొచ్చినంత పనయింది.

కసరత్తు అయ్యాక వీపు పట్టేస్తే అక్కడ రోలర్ అని ఒక గుండ్రటి మెత్తటి దిమ్మె ఇస్తారు. దాని మీద వెల్లకిలా పడుకుని మనమే దొర్లాలి. అందరూ అలాగే ఒంటరిగా దొర్లుతుంటారు. తాలీంలో అయితే జోడీలుండేవి, కుస్తీ అయ్యాక ఒకరి వీపు ఒకరు రుద్దేవారు. కుస్తీ ఎవరితో పట్టినా, వీపు రుద్దడానికి మాత్రం అన్న ఎవరినీ జోడీ పెట్టుకోలేదు. చెయ్యి అందని నడి వీపున ఎండిన మన్నుతో ఇంటికి వస్తే అమ్మ తిడుతూ కడిగేది. "తమ్ముడు దిగంగనే ఆడే రుద్దుతడు, అప్పటిదాంక నువ్వే కడుగవ్వా" అనేవాడు. ఇప్పుడు అంగీ తీసి నిలబడమన్నా నిలబడగలను. ఆ అడిగే మనిషే లేడు. అన్న వీపు నేను రుద్దింది ఒకే ఒక్కసారి, పాడె మీదికి చేర్చే ముందు స్నానం పోసినప్పుడు.