చెంగిచెర్ల నుంచి నాచారం: ఈ ఏడు రాని హవల్దారు కోసం

మా అన్నయ్య సైన్యంలో చేరి, మంచుకొండల్లో ఒక పోస్టు మీద జరిగిన కాల్పుల్లో చనిపోయి ఆరేళ్లయింది. చెంగిచెర్లలో మా కాలనీ మొదట్లో, పాలబూత్ పక్కన, కాలనీవాళ్లు అతని పేరుతో ఒక రాయి నిలబెట్టి ఇత్తడి పలక బిగించారు. ఏటా ఆ తేదీన, అన్నయ్యతో కలిసి పనిచేసిన హవల్దారు భూమయ్య గారు తొమ్మిదింటికల్లా వచ్చేవారు. సంచిలోంచి పాలిష్ డబ్బా, పాత బనీను ముక్క తీసి పలకను అరగంట రుద్దేవారు. సెల్యూట్ చేసి, మా ఇంట్లో భోంచేసి వెళ్లేవారు. పోయినేడు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ అమ్మ ఒక మాట అనేసింది. "అందరు మంచిగనే తిరిగొచ్చిన్రు అన్నా. నా కొడుకొక్కడే రాలే." ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఈ ఏడు ఆయన రాలేదు. ఆయన కోసం తీసిపెట్టిన అన్నం మీద మూతను అమ్మ మూడింటిదాకా కదపలేదు. పలక నల్లగా అలాగే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే అమ్మ రెండు జొన్నరొట్టెలు, వంకాయకూర టిఫిన్ డబ్బాలో సర్ది నా ముందు పెట్టింది. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, ఇంట్లో కాలు నిలవని దాన్ని, ఎలాగూ ఎటో ఒకవైపు తిరుగుతానని ఆమెకు తెలుసు. సైన్యం నుంచి రిటైరై ఆయన నాచారంలో ఏదో మందుల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీగా ఉన్నారని మాత్రమే మాకు తెలుసు; ఆ దిక్కు పోయి చూసి రమ్మంది. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. పోయినవాళ్లతో కలిసి పనిచేసిన మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లాలనుకునే ఇళ్లవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి, దారి వివరాలతో సహా రాస్తున్నాను.

పదిన్నరకు బస్సెక్కాను. ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా ఏడు రూపాయలు. మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంతల దగ్గర బస్సు ఎంతసేపు నిలబడిందంటే, దిగి నడిచినవాళ్లే ముందు చేరారు. మర్నాడు తెలంగాణ కోసం మళ్లీ బంద్ అట, పని ఉన్నవాళ్లంతా ఆ రోజే రోడ్డు మీద పడ్డారు. ఉప్పల్‌లో బస్సు మారి హబ్సిగూడ, అక్కడి నుంచి షేర్ ఆటోలో పది రూపాయలకు నాచారం పారిశ్రామికవాడ. ఏ కంపెనీ అని ఆటో అన్న అడిగాడు. నాకు పేరు తెలియదు. మందుల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ, మిలట్రీలో చేసినాయన అన్నాను.

"గేటుకొక మిల్ట్రీ ఆయన ఉంటడక్కా ఈడ," అన్నాడు అద్దంలో నన్ను చూస్తూ. "బార్డర్ ఖాళీ చేసి అందరు నాచారమే వచ్చిన్రు."

నవ్వాను గానీ, తర్వాత నవ్వొచ్చినందుకు బాధేసింది. అదనంగా పైసలు తీసుకోకుండానే రెండు గేట్ల దగ్గరికి తిప్పాడు. మూడో గేటు దగ్గర ఆయన కనిపించారు. భుజాలు జారిపోయే నీలం చొక్కా, ఎవరి కొలతకో కుట్టిన టోపీ. నొప్పి పుట్టే మోకాలి మీద బరువు పడకుండా ఒక పక్కకు ఒరిగి నిలబడ్డారు. కారు వస్తే మాత్రం నిటారుగా అయ్యేవారు. సెల్యూట్ చేసేవారు. మా రాయి ముందు చేసే సెల్యూటే అది, వేళ్లు కనుబొమ్మ దగ్గర ఆగే తీరు కూడా అదే. ఏ కారు అద్దమూ దిగలేదు.

నన్ను గుర్తుపట్టి ముందు టోపీ సర్దుకున్నారు. డబ్బా చూసి, డ్యూటీలో తినరాదని, రెండింటికి దిగుతానని చెప్పారు. ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చున్నాను. చాయ్ ఐదు రూపాయలు, బెంచీ మీద ఎంతసేపైనా ఉండనిస్తారు. రెండింటికి వచ్చి డ్యూటీ అందుకోవలసిన మనిషి రెండూ నలభైకి వచ్చాడు. అప్పటిదాకా ఆయన గేటు వదల్లేదు.

బెంచీ మీద ఒక రొట్టె తిని, రెండోది కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. అమ్మ అన్న మాటకు ఏమీ అనుకోవద్దని నేను మొదలుపెట్టాను. అమ్మ తప్పేమీ అనలేదన్నారు ఆయన. మునుపటి ఏజెన్సీ అడిగిన రోజు సెలవిచ్చేదట. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర సెలవు కావాలంటే ఇంకో గార్డు మన డ్యూటీలో నిలబడాలి, వాడి డ్యూటీ మనం చెయ్యాలి. మార్చుకుంటామన్నవాళ్లు ఇద్దరున్నారు. తనే అడగలేదట.

ఎందుకని అడిగాను. ఆయన ఖాళీ డబ్బాకు మూత పెట్టి పక్కన ఉంచారు.

"ఆ పొద్దు పోస్టు మీదికి పోవాల్సింది నేను బిడ్డా. జరమొచ్చి పండుకున్న. 'మీరు లేవకుండ్రి ఉస్తాద్, మీ జాగల నేను నిలబడ్త' అని మీ అన్న పోయిండు. అప్పటిసంది ఎవ్వరితోని డ్యూటీ మార్చలే," అన్నారు.

అమ్మకు తెలుసా అని అడిగాను.

"చెప్దామనే ఏటేటా వస్తుంటి. రుద్దుడు అయితది, తినుడు అయితది. నోరు లేవది."

డబ్బాను పక్కనే ఉన్న నల్లా కింద కడిగి, గుడ్డతో లోపలి దాకా తుడిచారు. సంచిలోంచి పాలిష్ డబ్బా, బనీను ముక్క తీసి అందులో పెట్టి నాకిచ్చారు. ముందురోజు, ఆ తేదీన కూడా, అవి ఆయన సంచిలోనే ఉన్నాయట. పలకకు నీళ్లు తగలనివ్వొద్దని, అక్షరాల సందుల్లో మురికిని అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి తియ్యాలని చెప్పారు. వచ్చే ఏడు వస్తారా అని నేను అడగలేదు.

ఆరింటికి ఇల్లు చేరాను. అమ్మ డబ్బా తెరిచి, ఆ గుడ్డను చూసి, ఏమన్నడని అడిగింది. సెలవు దొరకలేదట అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. వెలుగు పోకముందే వెళ్లి పలక రుద్దాను. ముందు అన్నయ్య పేరు తేలింది, తర్వాత అందులో వంకరగా నా ముఖం. సెల్యూట్ చెయ్యలేదు, నాకు రాదు.

అమ్మ కంప్యూటరు ముట్టదు కాబట్టి ఇదంతా ఈ బ్లాగులో రాయగలుగుతున్నాను. ఆరేళ్లుగా ఆయన నోటిదాకా వచ్చి ఆగిన మాట ఇప్పుడు నా దగ్గరుంది. ఆయనకు అమ్మ ఏడాదికొక్కసారి ఎదురుపడేది. నేను రోజూ ఆమె పక్కన కూర్చుని తింటాను. చెబితే ఆమెకు కొడుకు ఇంకోసారి పోతాడు, చెప్పకపోతే ఆమె ఎదురుచూసే ఆ ఒక్క మనిషీ రాడు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. నాచారం గేట్ల దగ్గర మాజీ సైనికుల్ని కలవాలంటే ఒంటిగంటన్నరకు చేరుకుని, మూడున్నర దాకా ఇంకో పని పెట్టుకోకండి. మీ కోసం డ్యూటీ మార్చుకుని రమ్మని మాత్రం ఎవరినీ అడగకండి.