చిన్నదానికి పెట్టిన యాస

లారీ రోబోగా మారాలంటే దాని ఛాతీలో చిన్నది కూర్చోవాలి. కార్టూన్‌లో కథంతా ఆ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. చిన్నది వేరే గ్రహం నుంచి వచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. కాళ్లూ చేతులూ ముడుచుకుంటే ఇంజిన్ అవుతుంది. లోపలికి వెళ్లి కూర్చుందంటే లారీ చక్రాలు భుజాలవుతాయి, తొట్టి వీపవుతుంది, ముందున్న అద్దం ముఖమవుతుంది. చిన్నది రాకపోతే ఎదురుగా నిలబడ్డది ఉత్త లారీయే. శత్రువును ముందుగా పసిగట్టేదీ, ఎప్పుడు కొట్టాలో ఎప్పుడు ఆగాలో చెప్పేదీ చిన్నదే. వాటికి అసలు పేర్లు వేరే ఉన్నాయి గానీ, డబ్బింగ్ స్టూడియోలో మేం ఆ రోబోను పెద్దాయన అనీ, దాని తోడును చిన్నది అనీ పిలుచుకునేవాళ్లం. టీవీలో వచ్చిన కార్టూన్‌కు తెలుగులో చిన్నదాని గొంతు నాది.

మాది నల్గొండ వైపు పల్లె. ఇప్పుడు అల్మాస్‌గూడలో ఉంటున్నాం, నేనూ, మా ఆయనా, అమ్మా, నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయీ. గొంతు బాగుందని ఎవరో చెబితే డబ్బింగ్‌కు వెళ్లాను. చేరిన కొత్తలో నా గొంతు ఎవరికీ అడ్డం రాలేదు, నా మాటే అడ్డమొచ్చింది. చిన్నది పరుగెత్తుకుంటూ వచ్చి "ఆగు, నేను వస్తున్నాను" అనాలి. నా నోట్లోంచి "ఒస్తున్న" అని వచ్చేది. మళ్లీ చెప్పమనేవారు. మళ్లీ అదే వచ్చేది. డబ్బింగ్ నడిపించే సార్ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాయన. అద్దం అవతలి నుంచి హెడ్‌ఫోన్‌లో అన్నాడు:

"అమ్మా, అది వేరే గ్రహం నుంచి వచ్చింది. నల్గొండ బస్సు దిగి రాలేదు."

అద్దం అవతల ఉన్నవాళ్లంతా నవ్వారు. వేరే గ్రహం నుంచి వచ్చినది కృష్ణా జిల్లా తెలుగు మాట్లాడితే వాళ్లకు వింతగా లేదు. నాకు ఒళ్లు మండింది, కానీ పని కావాలి. ఇంట్లో వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, వస్తాను, వెళ్తాను, ఎందుకు చేస్తున్నావు అని పాఠంలా అనుకునేదాన్ని. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి "ఎవల్తోని మాట్లాడుతున్నవే?" అని అడిగేది. కొన్నాళ్లకు నాలుక తిరిగింది. కార్టూన్ పిల్లలకు బాగా నచ్చింది. మా వీధిలో సగం మంది కోస్తా వాళ్లు, సగం మంది మా వైపు వాళ్లు. పిల్లలంతా కలిసే ఆడుకునేవాళ్లు, చిన్నదాని మాటలు అప్పజెప్పేవాళ్లు. అవి నా గొంతులోంచి వచ్చినవని మా అమ్మాయి గొప్పలు పోయేది.

చిన్నదాని తరఫున నాకు మొదట కోపం తెప్పించింది బొమ్మ. మా అమ్మాయి పుట్టినరోజుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద బొమ్మల షాపుకు వెళ్లాం. పెట్టెలో లారీ ఉంది. చిన్నది లేదు. ఛాతీ దగ్గర ఇంజిన్ బొమ్మ చెక్కి, కదలకుండా అతికించేశారు.

"చిన్నది ఏదన్నా?" అని అడిగాను.

"అది తీసేసిండ్రక్కా. మగపిల్లలు దాన్ని పారేస్తున్నరంట. ఇప్పుడు బటన్ ఒత్తితె చాలు, లారీ దానంతటదే మారుతది" అన్నాడు షాపతను.

మా అమ్మాయి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "దానంతటదే ఎట్ల మారుతది? అబద్ధం" అంది. బొమ్మ కొనకుండానే తిరిగొచ్చాం. ఆ కార్టూన్ తీసినవాళ్లే తెచ్చిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో చిన్నది పెద్దాయనకు గురువు. ఆయన పుట్టకముందే ఎన్నో యుద్ధాలు చూసినది. టీవీలో దాన్ని గురువు నుంచి స్నేహితురాలిని చేశారు. పెట్టెలో అసలు లేకుండానే చేశారు. ఇక సినిమా ఒక్కటే మిగిలింది. అందులో ఏం చేశారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సినిమా తెలుగులోకి వస్తోందని సార్ ఫోన్ చేసినప్పుడు నిజంగానే సంతోషపడ్డాను. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి స్టూడియోకు వెళ్లాను. మాటల కాగితాలు చేతిలో పెట్టారు. మొదటి సీన్‌లో పెద్దాయన అంటాడు: "మిత్రమా, ఈ లోకాన్ని కాపాడటం మన కర్తవ్యం." దానికి చిన్నది ఇవ్వాల్సిన జవాబు: "ఏంది బే పెద్దన్నా, గీ లొల్లి మనకెందుకు బే, నా బొక్కలిరుగుతయ్ బే!"

తప్పు చదివానేమో అనుకున్నాను. పేజీ తిప్పాను. అన్ని పేజీల్లోనూ అంతే. పెద్దాయన శ్లోకం చదివినట్టు మాట్లాడుతున్నాడు, చిన్నది నోరు తెరిస్తే బే అంటోంది. ఇంగ్లీషు సినిమా నాకు చూపించారు. అందులో ఇద్దరూ ఒక్కలాగే మాట్లాడుతారు. ఈ తేడా ఎక్కడి నుంచో రాలేదు, ఇక్కడ మన గదిలో కూర్చుని పెట్టిందే.

"సార్, ఇదేంటి?" అని అడిగాను.

"యాస పెట్టించామమ్మా. కామెడీ బాగా పండుతుంది. మీకైతే కష్టమే లేదు, మీ యాసే కదా."

"మరి పెద్దాయనకు ఎందుకు పెట్టలేదు?"

"ఆయన హీరో కదమ్మా" అన్నాడు.

ఆ మాట అనడానికి ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నన్ను బాధపెట్టాలని అన్నా ఇంత కోపం వచ్చేది కాదు. నీళ్లు పల్లానికే పోతాయి కదా అన్నంత మామూలుగా అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి, ఆ గదిలో ఇన్నేళ్లుగా రానివ్వని మాట వచ్చింది.

"సార్, గిన్నేండ్ల సంది నా మాట తప్పని గీడనే కూసోబెట్టి దిద్దిండ్రు. ఇయ్యాల గదే మాట నవ్వనీకె కావాల్నా? ఇద్దరికి పెట్టుండ్రి, లేకపోతె ఇద్దరికి తీసెయ్యుండ్రి."

అద్దం అవతల ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "సరదాకి పెట్టినదాన్ని మీరిలా పట్టుకుంటే ఎలాగమ్మా? చూడండి, అందరికంటే ఎక్కువ మీవాళ్లే నవ్వుతారు" అన్నాడు. కాగితాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మకు ఆ మొదటి మాట చెప్పి వినిపించాను. అమ్మకు కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది. "గట్ల ఎవలు మాట్లాడుతరే? ఆడిపిల్ల బే అంటదా?" అంది. నిజమే, అది మా మాట కూడా కాదు. మా ఊరి గడప తొక్కనివాళ్లు, సినిమాల్లో విని సినిమాల కోసం తయారు చేసుకున్న మాట.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. స్టూడియోలో గుంపు గొంతుల్లో ఒకటిగా అరవడానికి వచ్చేది, ముఖం తెలుసు. గోదావరి వైపు పిల్ల. కోచింగ్ కోసం చైతన్యపురికి వచ్చి, కోచింగ్ మానేసినా హాస్టల్ మానలేదు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అక్కా, మీరు కాదన్నారని చిన్నది నాకిచ్చారండి. మీకు కోపం వస్తుందని తెలుసు. నాకిదే మొదటి పెద్ద వేషం. ఈ మాటలు ఎలా పలకాలో నాకు తెలీట్లేదు."

నాకు నిజంగానే పట్టలేనంత కోపం వచ్చింది. నేను వదిలేసి వచ్చిన అవమానాన్ని ఇంకొకరికిచ్చి, అదెలా చెయ్యాలో నన్నే నేర్పమని పంపించినట్టుంది. "సినిమాలు చూసి నేర్చుకో. రాసినోళ్లు గూడ గట్లనే నేర్చుకున్నరు" అన్నాను.

ఆ అమ్మాయి తల దించుకుంది. "మా మాటనీ అలాగే చేస్తారక్కా. సినిమాలో 'ఆయ్' అంటే చాలు, హాలంతా నవ్వుతారు. మా నాన్నగారు ఇప్పుడు ఊరు దాటితే ఆయ్ అనడం మానేశారండి" అంది.

అమ్మ లోపలి నుంచి పిలిచింది: "లోపలికి రా బిడ్డా, చాయ్ తాగు."

అలా ఆ రోజంతా మా ముందుగదిలో కూర్చున్నాం. ఒక్కో మాటనూ మేం నిజంగా ఎలా అంటామో అలా మార్చాం. బేలన్నీ కొట్టేశాం. అమ్మ మంచం మీద కూర్చుని వింటూ, తప్పు వినిపిస్తే చెయ్యి అడ్డంగా ఊపేది. చివర్లో ఒక సీన్ ఉంది. పెద్దాయన దెబ్బతిని, విడిభాగాలు ఊడిపోతూ నేల మీద పడి ఉంటాడు. చిన్నది ఛాతీలోంచి బయటికొచ్చి పక్కన కూర్చుంటుంది. అక్కడ కూడా జోకే రాశారు. పరేషాన్ గాకు అన్నా, పైన ఇద్దరం బిర్యానీ తిందాం అని. చచ్చిపోతున్నవాడి పక్కన కూర్చున్నప్పుడు కూడా మేం తిండి గురించే మాట్లాడుతామని రాసినాయన అనుకున్నాడు కాబోలు. కాగితం చించేయాలనిపించింది.

"గాడ ఏమనాలె అమ్మా?" అని అడిగాను.

అమ్మ నెమ్మదిగా అంది: "నేనేడికి పోత? నువ్వు కండ్లు మూసుకో. నేనీడనే ఉన్న."

నాన్న దవాఖానలో ఉన్నప్పుడు అమ్మ ఆయనతో అన్న మాట అది. నేను పక్కనే ఉన్నాను. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలియదు. రాసుకుని, రెండుసార్లు అని చూసుకుని వెళ్లింది.

మేం దిద్దినదంతా దాదాపు వృథా అయింది. బేలన్నీ మళ్లీ చేర్చి చెప్పించారట. ఆ చివరి మాట మాత్రం ఉంచేశారు. బాగుందని కాదు. చిన్నదాని పెదవుల కదలికకు సరిగ్గా అతికింది, మార్చే టైం లేదు, అంతే.

సినిమాకు వెళ్లకూడదనుకున్నాను. మా అమ్మాయి ఊరుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాట్నీకి అమ్మతో కలిసి ముగ్గురం వెళ్లాం. హాలు నిండిపోయింది. చిన్నది కనబడగానే, ఇంకా నోరు తెరవకముందే నవ్వడం మొదలైంది. ఏమంటుందో విన్నాక నవ్వితే అర్థముంది. వాళ్లు ముందే నిర్ణయించుకుని వచ్చారు. సార్ అన్నది కూడా తప్పు కాదు. మా వరుసలోనే కూర్చున్న మా వైపువాళ్లు కూడా పగలబడి నవ్వారు. అది చూసి నాకింకా ఎక్కువ మండింది.

మా అమ్మాయి నా చెవిలో అడిగింది: "చిన్నది అమ్మమ్మ లెక్కనే మాట్లాడుతది గదా అమ్మా. అందరు ఎందుకు నవ్వుతుండ్రు?"

అమ్మమ్మ అలా మాట్లాడదని చెప్పాలనుకున్నాను. బేలు తీసేస్తే చాలావరకు అలాగే మాట్లాడుతుంది. స్క్రీన్ చూడమన్నాను.

చివరి సీన్ వచ్చింది. చిన్నది బయటికొచ్చి కూర్చుంది. ఎవరో అలవాటుగా నవ్వబోయారు. "నేనేడికి పోత?" అంది ఆ గోదావరి అమ్మాయి గొంతు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "నేనీడనే ఉన్న" అనేసరికి హాల్లో చప్పుడు లేదు. వెనక ఎవరో ముక్కు ఎగబీల్చుకున్నారు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ అమ్మాయి ఎంత బాగా చెప్పిందో నేను ఒప్పుకుంటాను, ఆమెకు ఫోన్ చేసి కూడా చెప్పాను. అయినా నాకు కోపం తగ్గలేదు. మా మాటను నవ్వకుండా వినాలంటే తెర మీద ఒకరు చావాలా?

సినిమా బాగా ఆడింది. స్కూల్లో పిల్లలు మా అమ్మాయిని "చిన్నది లెక్క మాట్లాడవా" అని అడగడం మొదలుపెట్టారు. అందులో పగేమీ లేదు, ముచ్చటపడే అడిగేవాళ్లు. ఒకరోజు ఇంటికొచ్చి బ్యాగు పడేసి, "అమ్మమ్మా, నాకు ఆకలి వేస్తోంది, అన్నం పెట్టవా?" అంది.

అమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని చూసింది. "ఏంది బిడ్డా, చుట్టాలింటికి ఒచ్చినట్టు మాట్లాడుతున్నవ్?"

మా అమ్మాయి పళ్లెం తీసుకుని టీవీ ముందుకు వెళ్లింది.

కార్టూన్ కొత్త భాగాలు వస్తున్నాయని సార్ మళ్లీ ఫోన్ చేశాడు. పాత కోపాలు వద్దన్నాడు. చిన్నదానికి ఇక యాసే ఉంచమని పైవాళ్లు చెప్పారన్నాడు.

"పెద్దాయనకు?" అని అడిగాను.

"ఆయనది మామూలేనమ్మా."

"మామూలంటె ఎవల మామూలు సార్?" అన్నాను. ఆయన ఏదో అనబోయాడు. నేను వినకుండా ఫోన్ పెట్టేశాను. ఆ పని కూడా ఆ గోదావరి అమ్మాయికే వెళ్లింది. చెయ్యమని నేనే చెప్పాను. ఇప్పటికీ ఒక్కో ఆదివారం వచ్చి అమ్మ దగ్గర కూర్చుని మాటలు దిద్దుకుంటుంది. అందులో కొన్ని నిలుస్తున్నాయి, ఎక్కువ పోతున్నాయి.

మా అమ్మాయి ఆ కార్టూన్ మానలేదు. రిమోట్ నొక్కి ఇంగ్లీషులోకి మార్చుకుని చూస్తోంది. ఎందుకని అడిగితే, అందులో చిన్నది మామూలుగా మాట్లాడుతుందని చెప్పింది. అమ్మ పక్కనే కూర్చుంటుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మనవరాలితో పాటు చివరిదాకా చూస్తుంది.