గోధుమలు మానేసిన మూడో నెల

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు కళ్లు మూసుకున్నప్పుడు కూడా దాన్ని పక్కకు నెట్టి మిగతావి కోరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. బిలాస్‌పూర్‌లో రైల్వే షెడ్డులో క్రేన్ నడిపినవాణ్ని. అంత తెలిస్తే చాలు.

క్రేన్ అంటే రోడ్డు మీద తిరిగేది కాదు. షెడ్డు కప్పు కింద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేసిన ఇనప దూలం మీద నడిచేది. నిచ్చెనెక్కి పైన చిన్న కేబిన్‌లో కూర్చోవాలి. కింద ఒక మనిషి ఇంజను చక్రాల చట్రానికి గొలుసులు తగిలిస్తాడు. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి అతని కుడిచెయ్యే మాట. వేలు కిందికి తిప్పితే దించమని. అరచెయ్యి తెరిచి నిలబెడితే ఆపమని. ఆ చేతిని చూడటమే నా ఉద్యోగం.

నాకు కింద చెయ్యి చూపించేవాడు అప్పన్న. మా ఇద్దరి తాతలూ విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్లు. చుట్టరికం ఏమీ లేదు, అయినా చిన్నప్పటినుంచీ నన్ను బావా అనే పిలుస్తాడు.

అప్పటికి మా ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై ఐదారేళ్లయింది. నాకు కడుపు ఎన్నాళ్లుగానో బాగుండేది కాదు. ఉబ్బరం, విరేచనాలు, నీరసం. మా ఊళ్లోనే తెలిపారా పేటలో ఒక డాక్టరు పరీక్షలు చేయించి, గోధుమలు నీకు పడవు, అందులో గ్లూటెన్ అని ఒకటుంటుంది, జన్మలో ముట్టకు అన్నాడు. రొట్టె, బ్రెడ్డు, బిస్కెట్టు, సేమ్యా, ఉప్మారవ్వ అన్నీ బంద్. దాని బదులు అన్నం కడుపునిండా తిను అని కూడా చెప్పాడు. ఆ రెండో సగం నేను వినలేదు.

ఎందుకు వినలేదు? మా ఇంట్లో డ్యూటీ డబ్బాలో అన్నం పెట్టరు. అన్నం తింటే కునుకు వస్తుందని మా నాన్న అనేవాడు, ఆయన నాన్న అనేవాడట. ఇంజను మీదా క్రేను మీదా కునుకు అంటే చావు. అందుకని డ్యూటీకి రొట్టె, ఇంటికి అన్నం. నా డబ్బాలోంచి రొట్టె పోయింది, దాని చోట్లోకి ఏదీ రాలేదు. పొద్దున్న ఒక చాయ్, మళ్లీ ఇంటికొచ్చాకే అన్నం. అడిగినవాళ్లకు ఉపవాసమని చెప్పేవాణ్ని. సోమవారం అయింది, మంగళవారం అయింది, శనివారం అయింది.

"ఏటి బావా, ఏడు రోజులూ దేవుళ్లకి రాసిచ్చేసావేటి?" అని నవ్వేవాడు అప్పన్న. తన గిన్నె ముందుకు తోసేవాడు. రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం, ఉల్లిపాయ, ఉప్పు. మా అమ్మ చద్దన్నం అనేది, ఇక్కడివాళ్లు బాసి అంటారు. అందులో గోధుమ గింజ లేదు. నాకు కావలసిన మందు ఆ గిన్నెలోనే ఉంది. అది తింటూ వాడెప్పుడూ కునుకు తీయలేదు. అయినా నేను వద్దన్నాను.

కడుపు కుదుటపడింది. తల తిరగడం మొదలైంది. మొదటి నెల, వంగి లేస్తే గిర్రున తిరిగేది. రెండో నెలలో మంచం మీద పక్కకు ఒత్తిగిలితే గోడలు కదిలేవి, పరుపు అంచు పట్టుకుని పడుకునేవాణ్ని. మూడో నెలలో కేబిన్ నిచ్చెన సగంలో ఉండగా వచ్చింది. మెట్టును కౌగిలించుకుని, కళ్లు మూసుకుని, నూరు దాకా లెక్కపెట్టాను. భయం వేసింది. పడిపోతానని కాదు. ఎవరైనా చూశారేమోనని.

ఆ నెలలోనే రైల్వేవాళ్ల వైద్య పరీక్ష వచ్చింది. కళ్లు చూశారు, బీపీ చూశారు. తల తిరగడం ఉందా అని కాగితం మీద ఒక ప్రశ్న ఉంది. లేదు అని రాశాను. ఉంది అని రాస్తే క్రేన్ నుంచి దించేస్తారు. మా నాన్న ఇంజను డ్రైవరు. కంటిచూపు తగ్గిందని ఆయన్ను దించేసి, ఒక ఆఫీసు గుమ్మం దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. రిటైరయ్యే దాకా ఫైళ్లు అందించాడు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ స్టూలంటే నాకు చావంత భయం. అయితే అవతలివాడి ప్రాణం మీదికి తెచ్చేంత భయమా? అవును, అంత భయమే.

పరీక్షయిన పది రోజులకు, పొద్దున పదకొండింటికి, చట్రాన్ని దించుతున్నాను. అప్పన్న ఎడమచేత్తో గొలుసు సర్దుతూ, కుడిచెయ్యి పైకెత్తాడు. అప్పుడే షెడ్డు మొత్తం ఒక పక్కకు ఒరిగింది. ఒరిగింది షెడ్డు కాదని తెలుసు, అయినా పడిపోతున్నాననిపించి చేతికి అందింది పట్టుకున్నాను. అందింది లివర్. చట్రం ఒక జానెడు కిందికి దిగింది.

అరుపు నాకు వినపడలేదు. జనం పరిగెత్తడం కనిపించింది. అప్పన్న ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి.

మధ్యాహ్నం ఆఫీసరు అడిగాడు, అతను ఏ సైగ చేశాడని. దించమన్నాడు అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట! ముందే తయారుగా ఉన్నట్టు వచ్చింది. ఎవరూ మారు ప్రశ్న వేయలేదు. నేను తాగనని, ఉపవాసాలుంటానని షెడ్డంతా తెలుసు కదా.

రెండు రోజుల తర్వాత ఆస్పత్రికి వెళ్లాను. వాడు స్పృహలో ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, నన్ను చూసి లేవబోయాడు.

"బావా, ఓ మాట సెప్పు. నానేటి సూపించేను? ఆపమన్నట్టే గురుతు. మరి అందరూ దించమన్నానంటన్నారు. పైనుంచి నీకే కదా సాఫ్‌గా కనిపిస్తాది."

అప్పుడు గదిలో ఇంకెవరూ లేరు. కాగితం లేదు, ఆఫీసరు లేడు. అక్కడైనా నిజం చెప్పి ఉండవచ్చు.

"దించమన్నావు," అన్నాను.

వాడు తన కుడిచేతిని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అచ్ఛా. అయితే తప్పు నాదే. నా మూలంగా నీకూ ఎంక్వైరీ పడింది. ఏటీ అనుకోకు బావా."

వాడి సర్వీసు పుస్తకంలో తప్పు సైగ చేశాడని రాశారు. గొలుసు పని నుంచి తీసేసి, స్టోరు కిటికీ దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. నేను భయపడిన స్టూలు అదే. నేను తప్పించుకుని, నా చోట వాణ్ని కూర్చోబెట్టాను.

ఆ తర్వాత డ్యూటీకి అన్నం డబ్బా తీసుకెళ్లాను. కునుకు రాలేదు. తల తిరగడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. మూడు నెలలకు, మోకాళ్ల నొప్పులని చెప్పి క్రేన్ నుంచి నేనే దిగిపోయాను. ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ చిన్న అబద్ధం వైద్య పరీక్షకు ముందే ఆడి ఉంటే?

ఆ తల తిరగడం గోధుమలు మానడం వల్లనా, పస్తుండడం వల్లనా, చెవిలో ఏదైనా రోగమా? నాకు ఇప్పటికీ తెలియదు. డాక్టరు దగ్గరికి వెళితే, ఎప్పటినుంచి అని అడుగుతాడు. ఈ మధ్యే అంటాను. నిజం చెబితే ఆ పొద్దు కూడా చెప్పాలి. ఇప్పుడూ పక్కకు ఒత్తిగిలినప్పుడు గది కదిలితే, పడిపోతాననే భయం కన్నా ముందు వాడి కుడిచెయ్యి గుర్తొస్తుంది.

అప్పన్న రాజ్‌కిశోర్ నగర్‌లో ఉంటున్నాడు. రిటైరయ్యాడు. నెలకోసారి వాళ్లింటికి వెళతాను. మనవడికి తప్పు చెయ్యి చూపకూడదని వాడు తన కథనే పాఠంగా చెబుతాడు, నా ఎదురుగానే. నేను పళ్లెంలోకి చూస్తూ తింటాను. ఇది అచ్చయితే వాడు చదువుతాడా? తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. చదివితే నన్నేమంటాడో తెలియదు. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అడిగితే క్షమించేస్తాడు, అది ఇంకా భయం.

అయినా ఒక్క మాట రాసి తీరాలి. అప్పన్నా, ఆ రోజు నీ అరచెయ్యి తెరిచే ఉంది. నువ్వు ఆపమనే అన్నావు. నేను చూశాను.