పత్తిగదిలో డబ్బా

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో మా పడకగదికి ఇంకో పేరు పత్తిగది. తీతలు మొదలైతే చాలు, చేలోంచి వచ్చిన పత్తంతా అందులోనే పోసేవాళ్ళు. మా ఆయనా నేనూ ఓ మూలకి ఒదిగి పడుకునేవాళ్ళం. రాతి గోడలు, నాపరాళ్ళ నేల, ఒక్కటంటే ఒక్క కిటికీ లేదు. పెట్టిద్దామని అడిగినప్పుడల్లా మా అత్తయ్య ఒంటికాలి మీద లేచేది.

"చెమ్మ తగిలితే పత్తి రంగు తిరుగుద్ది. అయినా మీ మావయ్య సొంత చేతుల్తో కట్టుకున్న గోడమ్మాయ్, గునపం పెట్టనిస్తానా?"

ఎనభైల్లో ఒక ఏడు, మిరప కోతలప్పుడు, కాలేజీ మేష్టారొకాయన ఊళ్ళోకి వచ్చాడు. నేలలోంచీ రాళ్ళలోంచీ రేడాన్ అనే వాయువు వస్తుందట. గాలి ఆడని గదిలో పోగుపడితే ఊపిరితిత్తులకి చేటట. అది ఏ ఇంట్లో ఎంతుందో చూడ్డానికి, లోపల ఫిల్ము ముక్క పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాడు.

"రంగూ ఉండదు, వాసనా ఉండదా? దానికంటే మా మిరపకాయ నయం కదయ్యా, తుమ్మించి మరీ చెబుద్ది" అంది అత్తయ్య.

ఆయన నవ్వి, పత్తిగది దూలానికి ఓ డబ్బా వేలాడదీసి, తను వచ్చేదాకా ఎవరూ కదిలించొద్దని చెప్పి వెళ్ళాడు.

నాకు మాత్రం దేవుడు నా తరఫున ప్లీడరుని పంపినట్టే అనిపించింది. గదిలో చెడుగాలి ఉందని డబ్బా చెబితే అత్తయ్య ఇక నోరెత్తలేదు. రోజూ ప్రార్థనలో, ప్రభువా, రేడాన్ కాస్త ఎక్కువే ఉండనీ అని వేడుకున్నాను. నాకంటే వెర్రిబాగుల్ది ఉంటుందా, అందులో పడుకునేది నేనే కదా!

ఒక మధ్యాహ్నం కళ్ళంలో కాపలా ఉన్న అత్తయ్యకి అన్నం తీసుకెళ్తే, ఆరబోసిన మిరపకాయల మధ్య మా డబ్బా కనిపించింది.

"అత్తయ్యా! ఇదేంటి?"

"ఎండ తగలకపోతే ఏ వస్తువైనా బూజు పడుద్దమ్మాయ్. రోజూ తెస్తన్నా. పొద్దుగూకేసరికి మళ్ళీ దూలానికి కట్టేస్తన్నాగా!"

మా వైపు ఎండకి పెట్టని వస్తువు లేదు. పప్పులు, పరుపులు, ఆఖరికి జలుబు చేసిన పిల్లల్ని కూడా ఎండలోనే కూర్చోబెడతారు. అయినా సరే, నాకు ఒళ్ళు మండిపోయింది. నా ప్లీడరు నోట్లో మిరపగింజలు పడి ఉన్నాయి.

మేష్టారు తిరిగి రాగానే ఉన్నమాట చెప్పేశాను. ఆయన తల పట్టుకున్నాడు.

"ఇది చెల్లదండి. మీ గది గాలికి కళ్ళం గాలి కలిసింది. ఇంకోటి కడతాను, ఈసారి కదపకండి" అంటూ సంచీ విప్పాడు.

అత్తయ్య గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. వీధి చివరికి వినపడే ఆవిడ గొంతు అప్పుడు పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

"వద్దు బాబూ. మా ఆయన ఆ గదిలోనే దగ్గి దగ్గి పోయాడు. కట్టుకున్న గదే ఆయన్ని తినేసిందని నీ డబ్బా చెబితే, ఆ ఇంట్లో నేనెట్టా ఉండను?"

"దగ్గుకి సవాలక్ష కారణాలుంటాయమ్మా" అన్నాడాయన మెల్లగా.

"అందుకే, తెలీకుండానే ఉండనీ."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడది బూజు భయమే అనుకున్నాను. అంతలో ఆవిడే కళ్ళు తుడుచుకుని నా మీద గయ్యిమంది.

"ఏం చూస్తన్నావమ్మాయ్? తాపీమేస్త్రికి కబురు పెట్టు. కిటికీ పెద్దదే పెట్టమను. డబ్బా మాత్రం మళ్ళీ నా గడప తొక్కకూడదు."