బెల్లం మండీలో జాజ్ వినిపించిన అయ్య

చిత్తూరు బెల్లం మండీ అయ్య పోయారని వాళ్ల గుమాస్తా సైకిలు మీద వచ్చి చెప్పినప్పుడు నేను పెరట్లో డోలు ఎండకు పెడుతున్నాను. తెల్లవారుతుండగా పోయారట. చివరి ఘడియల్లో బాధ పడలేదట. వినగానే నాకు ఏడుపు రాలేదు. గుండెల మీద నుంచి ఏదో దిగినట్టు తేలికగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, నిజం అదే. ఊపిరి కోసం నాలుగు నెలలుగా ఆయన పడిన అవస్థ తీరింది. అంతకంటే ముఖ్యంగా, ఆయనతో నేను చెప్పుకోవలసిన మాట ఒకటి నెలన్నర కిందటే చెప్పగలిగాను. అది చెప్పకుండానే ఈ కబురు విని ఉంటే ఏమైపోయేవాణ్ణో తెలియదు.

ఐరాల వైపు నుంచి బెల్లం బండ్లు ఆయన మండీకే ఎక్కువగా వచ్చేవి. బేరానికి ముందు రైతుకు మజ్జిగ ఇప్పించేవారు. వానలు లేని ఏడాది మండీ ముందు గంజి కాయించి పోయించారు. తాను కూడా ఆ బంతిలోనే నేల మీద కూర్చుని తాగేవారు. ఎందుకని అడిగితే, “నిలబడి పోసేవాడి మొగం సూడాలంటే తాగేవాడు తలెత్తాల గదప్పా. అది నాకు బాగుండదు” అన్నారు.

సరుకు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు ఒక హోటల్లో ఆయన మొదటిసారి జాజ్ విన్నారట. ఇంగ్లీషు రాదు, ఆ వాద్యాల పేర్లూ తెలియవు. తిరిగి వచ్చి నాకు నోటితో వినిపించబోయి, నవ్వాపుకోలేక మానేశారు. తర్వాత యుద్ధం ముదిరి, మద్రాసు మీద బాంబులు పడతాయని జనం ఊళ్లకు పారిపోయి వచ్చారు. ఆ హోటలు మూతబడి వాద్యగాళ్లు నలుగురూ వీధిన పడ్డారని తెలిసి, అయ్య మనిషిని పంపి వాళ్లను చిత్తూరు రప్పించారు. మండీ వెనక గోదాము ఖాళీ చేయించి ఇచ్చారు. తన ఇంట్లో మాంసం వండరు కాబట్టి ఎదురు సందులోని క్రైస్తవుల ఇంటి ఆమెను వాళ్ల వంటకు కుదిర్చారు.

ఒకనాడు నన్ను పిలిపించి వాళ్ల మధ్య కూర్చోబెట్టారు. నాకు చిన్నతనంగా తోచింది. మా తాత, నాయన పెళ్లిళ్లలో, స్వామి ఊరేగింపుల్లో వాయించినవాళ్లు. ఇక్కడ చూస్తే ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన చేతులతో రెండు మూడు డ్రమ్ములు, కాలితో ఇంకొకటి కొడుతున్నాడు. మొదట అంతా గోలగా వినిపించింది. కాసేపటికి పట్టు దొరికింది. మేము చెయ్యి ఎత్తే చోట ఆయన దెబ్బ వేస్తున్నాడు. నేను డోలు దగ్గరికి లాక్కున్నాను. అయ్య బెల్లం దిమ్మె మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నారు. ఆనాటి నుంచి రోజూ వెళ్లేవాణ్ణి. ముసలాయనకు మద్రాసు అరవం బాగా వచ్చు, నాకూ వచ్చు. ఆయన లెక్క నాకు, నా జతులు ఆయనకు చెప్పుకునేవాళ్లం.

ఊరి ఆడవాళ్ల ఆసుపత్రికి కాన్పుల గది కట్టించాలని అయ్య కోరిక. అందుకు చందాలు పోగు చెయ్యడానికి మా ఇద్దరి వాద్యాలతో ఒక కచేరీ ఏర్పాటు చేశారు. కచేరీకి మూడు రోజుల ముందు మా కులపెద్దలు ఇద్దరు ఇంటికి వచ్చారు. మద్యం, మాంసం ముట్టేవాళ్ల పక్కన డోలు పెడితే ఇక ఏ శుభకార్యానికీ నన్ను పిలవరని చెప్పి వెళ్లారు. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఇంట్లో తినే నోళ్లు ఏడు. కచేరీనాడు పొద్దున్నే రైలెక్కి పాకాలలో మా మేనమామ ఇంటికి వెళ్లి దాక్కున్నాను.

డోలు విద్వాంసుడికి విషజ్వరమని అయ్య స్వయంగా వేదికెక్కి సభకు చెప్పారట. కచేరీ నేను లేకుండానే జరిగింది. కాన్పుల గది కూడా లేచింది. యుద్ధం తగ్గాక వాద్యగాళ్లు మద్రాసు వెళ్లిపోయారు. నేను మాత్రం అయిదేళ్లు ఆ మండీ వీధిలో నడవలేదు, చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

అయ్యకు జబ్బు ముదిరిందని తెలిసి నెలన్నర కిందట వెళ్లాను. నడవాలో మంచం మీద, ఒళ్లో దిండు పెట్టుకుని ముందుకు వంగి కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరాడదట. చాలా రోజులుగా కంటి మీద కునుకు లేదని అయ్య భార్య, మా అందరికీ అమ్మ, చెప్పింది.

“నాకు ఆ పొద్దు జ్వరం లేదయ్యా” అన్నాను.

“తెలుసప్పా. నువ్వు పాకాలలో ఉండావని ఆ మాపే తెలిసింది.”

“మరి సభలో అట్లా చెప్పినారే?”

“నువ్వు భయపడినావని చెప్పమంటావా?” అని, కాస్త ఊపిరి పీల్చుకుని, “ఇప్పుడు భయముండాదా?” అని అడిగారు.

లేదన్నాను. నిజంగానే లేదనుకున్నాను. అయితే ఆదివారం మధ్యాహ్నం డోలు తీసుకుని రమ్మన్నారు.

వెళ్లేసరికి నడవాలో మద్రాసు ముసలాయన ఒక డ్రమ్ము ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అయ్య ఉత్తరం రాయించి పిలిపించారట. నన్ను చూసి లేచి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అయిదేళ్ల కిందటి మాట ఎత్తలేదు. వీధి తలుపు తీసే ఉంది. వాయిద్యం వినబడగానే జనం పోగయ్యారు. వాళ్లలో ఆనాడు మా ఇంటికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కూడా ఉన్నాడు. నా చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆయన చెప్పులు బయట వదిలి, లోపలికి వచ్చి గోడవార కూర్చున్నాడు. ఆ నెలలోనే వాళ్ల ఇంటి పెళ్లికి నన్నే పిలిచాడు. అయిదేళ్లు నేను మోసిన భయం అంతటితో సరి.

కొంతసేపటికి అయ్య తల దిండు మీదికి వాలింది. నేను ఉలిక్కిపడి ఆపబోయాను. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఆపొద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆయన నిద్రపోతున్నారు. నేను డోలు కర్ర పక్కన పెట్టి, వేళ్ల తొడుగులు తీసేసి, ఉత్త చేతులతో వాయించాను. ముసలాయన పుల్లలు వదిలి, వేలి కొసలతో అందుకున్నాడు. వీధిలోని జనం కూడా మెదలలేదు. దిండు మీద ఆయన వీపు మెల్లగా లేస్తూ, దిగుతూ ఉంది. మేమిద్దరం దాన్నే చూస్తూ వాయిస్తున్నాము. అమ్మ ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.